లోఫాలో జనం ఎందరు?

సభకు నమస్కారం. నిర్వాహకులు నన్ను ఆఫ్రికాలో స్థానిక పాలన గురించి మాట్లాడమన్నారు. ఆఫ్రికా అంటే యాభై నాలుగు దేశాలు. గంటలో అన్నిటి గురించీ మాట్లాడితే ఏ ఒక్కదాని గురించీ చెప్పినట్టు ఉండదు. అందుకని ఒక్క దేశం, అందులో ఒక్క కౌంటీ తీసుకుంటున్నాను. దేశం లైబీరియా, కౌంటీ లోఫా. కౌంటీ అంటే అక్కడ కొన్ని జిల్లాలు కలిసిన పాలనా విభాగం.

లైబీరియా పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఉంది. చుట్టూ సియెర్రా లియోన్, గినీ, ఐవరీ కోస్ట్. రాజధాని మన్రోవియా. దేశం మొత్తం 15 కౌంటీలు. లోఫా వాటన్నిటికీ ఎగువన, వాయవ్య మూలన ఉంటుంది. ఒకవైపు గినీ, ఇంకోవైపు సియెర్రా లియోన్. విస్తీర్ణం 9,982 చదరపు కిలోమీటర్లు. కొండలు, అడవి, ఎర్రమట్టి రోడ్లు. కౌంటీ కేంద్రం వోయిన్జామా. 2008 జనాభా లెక్కల్లో లోఫాలో తేలినవాళ్లు 2,76,863 మంది. 2022లో అది మూడు లక్షల అరవై ఏడు వేలకు చేరింది.

ఎక్కడో ఉన్న లోఫా గురించి మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. లైబీరియా వాళ్లు మనలాగే అన్నం తినేవాళ్లు. వాళ్ల బియ్యంలో పెద్ద భాగం దిగుమతే. అందులో ఎక్కువగా మన దేశం నుంచి వెళ్లే ఉప్పుడు బియ్యం ఉంటుంది. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం ఓడలు ఎప్పుడూ వెళ్తూనే ఉంటాయి. 2023లో మన ప్రభుత్వం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టి, ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసినప్పుడు మన్రోవియాలో టెన్షన్ మొదలైంది. అక్కడ బియ్యం ధర అంటే మామూలు విషయం కాదు. 1979 ఏప్రిల్‌లో ధర పెంచుతామన్న ప్రతిపాదన మీద అల్లర్లు జరిగి జనం ప్రాణాలు పోయాయి. దాదాపు ఏడాదికి సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. అలాంటి దేశానికి ధాన్యాగారం అని పేరున్న ప్రాంతం లోఫా. ఊళ్లో బియ్యం పండించగల జనం ఎందరున్నారు, ఎక్కడున్నారు, వాళ్ల గింజ మార్కెట్‌కు చేరే రోడ్డు ఉందా అన్నవి తెలియకుండా ఆ దేశం తన తిండి సంగతి చూసుకోలేదు. లోఫా జనాన్ని చాలా ఆలస్యంగా లెక్కపెట్టారు, లెక్కపెట్టాక కూడా ఆ అంకె ప్రకారం వాళ్లకు రావలసింది ఇవ్వలేదు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు జిల్లాల సంగతి. లోఫాలో ఏడు జిల్లాలున్నాయి: ఫోయా, కొలాహున్, వాహున్, వోయిన్జామా, క్వార్డు గ్బోని, జోర్జోర్, సలాయే. మ్యాప్ మీద ఇవి మామూలు గీతల్లా కనిపిస్తాయి. కానీ ఒక జిల్లా దాటి ఇంకో జిల్లాలో అడుగుపెడితే సంతలో వినిపించే భాష మారిపోతుంది. ఫోయాలో కిస్సీ. కొలాహున్‌లో గ్బండీ. వాహున్‌లో మెండే. వోయిన్జామా, జోర్జోర్ వైపు లోర్మా. క్వార్డు గ్బోనిలో మండింగో. దక్షిణాన సలాయేలో క్పెల్లే. జిల్లాకు ఒకే భాష ఉంటుందని కాదు, వోయిన్జామా పట్నంలో లోర్మా వాళ్లూ మండింగో వాళ్లూ పక్కపక్క వీధుల్లోనే ఉంటారు. అయినా జిల్లా అన్న మాటకు అక్కడ బలం భాష నుంచే వస్తుంది. అందుకే ఒక జిల్లాకు ఒక రోడ్డు మంజూరైతే, పక్క జిల్లా వాళ్లు దాన్ని ఒక భాష వాళ్లకు దక్కినదిగా చూస్తారు. జనాభా అంకె మీద కూడా అంతే అనుమానం ఉంటుంది.

దేశాల మధ్య గీత గీసినప్పుడు మాత్రం ఈ భాషల్ని ఎవరూ పట్టించుకోలేదు. కిస్సీ వాళ్లనే తీసుకోండి. ఫోయాలో కొందరు, సరిహద్దు అవతల గినీలో గెకెడు చుట్టుపక్కల కొందరు, సియెర్రా లియోన్‌లో కైలాహున్ వైపు కొందరు. 1911లో బ్రిటిష్ వాళ్లకూ లైబీరియాకూ ఒప్పందం కుదిరి, కైలాహున్ ప్రాంతం సియెర్రా లియోన్‌కు పోయింది. దానికి బదులు మొర్రో, మానో నదుల మధ్య అడవి నేల లైబీరియాకు వచ్చింది. నేల చేతులు మారింది, చుట్టరికాలు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఆ మూడు దేశాల కిస్సీలు ఒకరి సంతకు ఒకరు వెళ్తారు, ఒకరి చావుకు ఒకరు వెళ్తారు. ఈ చావుకు వెళ్లడం అన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

లోఫాకు కౌంటీ హోదా వచ్చింది 1964లో. అంతకు ముందు లైబీరియాలో కౌంటీలన్నీ సముద్రం ఒడ్డునే ఉండేవి. అమెరికా నుంచి తిరిగొచ్చి స్థిరపడిన నల్లజాతి కుటుంబాల వారసులు తీరంలో ఉండేవారు, అధికారం వాళ్లదే. లోపలి ప్రాంతాన్ని ప్రావిన్సులుగా చేసి, జిల్లా కమిషనర్లను పెట్టి, చీఫ్‌ల చేత గుడిసె పన్ను వసూలు చేయించేవారు. అంటే లోపలి మనిషిని ప్రభుత్వం మొదట లెక్కపెట్టింది పన్ను కోసం. అధ్యక్షుడు టబ్‌మన్ కాలంలో, 1964లో, లోఫా, బాంగ్, నింబా, గ్రాండ్ గెడే అనే నాలుగు కొత్త కౌంటీలు ఏర్పడ్డాయి. చట్టం దృష్టిలో లోపలి జనం తీరం జనంతో సమానమైంది అప్పుడే.

అప్పటి లోఫా ఇప్పటికంటే చాలా పెద్దది. దక్షిణాన బోపోలు చుట్టూ ఉన్న దట్టమైన అడవి కూడా అందులోదే. బోపోలు నుంచి వోయిన్జామాకు నేరుగా మోటారు రోడ్డు లేదు. కిందికి మన్రోవియా వైపు దిగి, గ్బార్న్‌గా మీదుగా మళ్లీ పైకి ఎక్కాలి. సొంత కౌంటీ కేంద్రానికి వెళ్లాలంటే దేశ రాజధాని చుట్టి వెళ్లాలన్నమాట. ఆ అడవిలోనే బెల్లె యల్లా అనే జైలు ఉండేది. పారిపోయినా ఎక్కడికీ పోలేరన్న ధీమాతో ఖైదీలను అక్కడికి పంపేవారు. 2001లో ఈ కింది భాగాన్ని విడదీసి గ్బార్పోలు అనే కొత్త కౌంటీ చేశారు. విస్తీర్ణం దాదాపు లోఫా అంతే, 9,689 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 2008లో 83,388. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది కూడా లేరు. లోఫాలో అదే ఏడాది సుమారు ఇరవై ఎనిమిది మంది.

పాలన మెట్లు త్వరగా చెప్తాను. కౌంటీకి సూపరింటెండెంట్, ఆయన్ని నియమించేది దేశాధ్యక్షుడు. జిల్లాకు కమిషనర్, ఆయనా నియామకమే. కింద పారమౌంట్ చీఫ్, ఆ కింద కొన్ని ఊళ్లు కలిసిన క్లాన్‌కు క్లాన్ చీఫ్, ఆ కింద టౌన్ చీఫ్. పది ఇళ్లున్నా అక్కడ దాన్ని టౌన్ అనే అంటారు. 1986 రాజ్యాంగం ప్రకారం ఈ మూడు రకాల చీఫ్‌లనూ ఓటర్లు ఆరేళ్లకొకసారి ఎన్నుకోవాలి. కానీ దశాబ్దాలుగా ఆ ఎన్నికలు జరగడం లేదు. 2008 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, స్థానిక ఎన్నికలకు డబ్బు లేని పరిస్థితిలో మేయర్లను అధ్యక్షురాలు నియమించవచ్చని తీర్పు ఇచ్చింది. అప్పుడు అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్. యుద్ధం నుంచి అప్పుడే బయటపడిన దేశం కాబట్టి ఆ ఇబ్బందిని నేను అర్థం చేసుకోగలను. కానీ తాత్కాలికం అనుకున్నది అలవాటైపోయింది. పల్లెలో మనిషికి పాలన అంటే పైనుంచి దిగి వచ్చేదే అయింది.

ఇక లెక్కల దగ్గరకు వద్దాం. లైబీరియాలో మొదటి పూర్తి జనగణన 1962లో జరిగింది. తేలినవాళ్లు 10,16,443 మంది. 1974లో 15,03,368. 1984లో 21,01,628. తర్వాత 24 ఏళ్లు జనగణనే లేదు. మళ్లీ 2008లో, 34,76,608. ఆ తర్వాత 2018లో జరగాల్సింది వాయిదాల మీద వాయిదాలు పడి 2022 నవంబర్‌లో జరిగింది, 52,50,187. పదేళ్లకొకసారి జనాభాను లెక్కించాలని వాళ్ల రాజ్యాంగం 39వ అధికరణంలోనే ఉంది.

1984కూ 2008కీ మధ్య ఏం జరిగిందో లోఫాలో చూస్తే గానీ ఆ 24 ఏళ్లంటే ఏమిటో తెలియదు. 1989 డిసెంబర్‌లో నింబా వైపు నుంచి యుద్ధం మొదలైంది. 1990లలో లోఫా జనం గినీకి పారిపోతుంటే, అదే సమయంలో సియెర్రా లియోన్ యుద్ధం నుంచి తప్పించుకున్నవాళ్లు వాహున్, కొలాహున్‌లకు శరణార్థులుగా వచ్చారు. 1999లో గినీ వైపు నుంచి తిరుగుబాటుదారులు వోయిన్జామా మీద, కొలాహున్ మీద దాడి చేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు రెండో యుద్ధంలో ఎక్కువ దెబ్బ తిన్నది లోఫానే. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. 2003 ఆగస్టులో అక్రాలో శాంతి ఒప్పందం కుదిరాక జనం మెల్లగా తిరిగి రావడం మొదలైంది.

అలా జనం ఇంకా వస్తూ ఉండగానే 2005 ఎన్నికలు జరిగాయి. జనాభా అంకెలు లేవు కాబట్టి ప్రతినిధుల సభ సీట్లను నమోదైన ఓటర్ల సంఖ్యను బట్టి పంచారు. గినీలో శిబిరంలో ఉన్న లోఫా మనిషి ఆ జాబితాలో ఎలా ఉంటాడు? మొత్తం 64 సీట్లలో లోఫాకు 4 వచ్చాయి. గ్బార్పోలుకు 3. మూడేళ్ల తర్వాత జనగణనలో చూస్తే లోఫాలో గ్బార్పోలు కంటే మూడు రెట్లకు పైగా జనం ఉన్నారు. 2010లో సీట్లను సరిచేసే అవకాశం వచ్చింది. చట్టసభ ఏం చేసిందంటే, ఉన్న 64నూ కదపకుండా ఇంకో 9 కలిపింది, మొత్తం 73. లోఫాకు ఒకటి పెరిగి 5 అయ్యాయి. అంటే లోఫాలో ఒక్కో సభ్యుడు 55 వేల మందికి, గ్బార్పోలులో 28 వేల లోపు మందికి ప్రతినిధి. రాజ్యాంగంలో 80వ అధికరణం నియోజకవర్గాల్లో జనాభా దాదాపు సమానంగా ఉండాలంటుంది. 2022 లెక్కలు వచ్చాక 2023 ఎన్నికలు కూడా ఆ పాత 73 సీట్లతోనే జరిగాయి. ఇప్పుడు లోఫాలో ఒక్కో సభ్యుడికి 73 వేల పైచిలుకు జనం. అంత కష్టపడి పోగుచేసిన అంకెను పక్కన పెట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆ కష్టం ఎలాంటిదో చెప్పాలి. లోఫాలో ఎక్కువమందిది కొండవరి, మన ఏజెన్సీలో పోడు లాంటి సాగు. ఏడాది మొదట్లో పొదలు నరికి, ఎండాక కాల్చి, వానలు పడ్డాక విత్తుతారు. పొలం ఊరికి దగ్గరలో ఉండదు, ఒక్కోసారి గంటల తరబడి నడవాలి. అక్కడ కొయ్యలు పాతి, పైన ఆకులు కప్పి ఒక పాక వేసుకుంటారు. దాన్ని వాళ్లు కిచెన్ అంటారు. వండుకునేది అక్కడే, వడ్లు అటక మీద పొగకు ఆరబెట్టేది అక్కడే, పని ముమ్మరంగా ఉన్నప్పుడు పడుకునేదీ అక్కడే. పిట్టలు తోలడానికి పిల్లలు కూడా అక్కడే ఉంటారు. ఇప్పుడు గణకుడు ఊళ్లోకి వచ్చి తలుపు తడితే ఎవరుంటారు? ఒక ముసలామె, ఒక చంటిపిల్ల. ఇంట్లో ఇద్దరే అని రాసుకుని పోతే, మిగతా ఆరుగురూ ఆ దేశంలో లేనట్టే. 2008లో గణన మార్చిలో జరిగింది, అప్పటికి పొదలు నరికే పని నడుస్తూ ఉంటుంది. 2022లో నవంబర్, అది కోతలు ముగిసే కాలం. వానాకాలంలో పెడదామంటే ఎర్రమట్టి రోడ్డు మీద లారీలే రోజుల తరబడి కూరుకుపోతాయి. కాబట్టి ఏ నెల పెట్టినా ఇబ్బందే. టౌన్ చీఫ్‌ను వెంటబెట్టుకుని, ఏ కుటుంబం కిచెన్ ఏ దారిలో ఉందో కనుక్కుని, అక్కడిదాకా నడిచి వెళ్లే గణకుడు ఉంటేనే అంకె నిజమవుతుంది. 2022లో వాళ్ల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు, మంచిదే. నడక మాత్రం తప్పలేదు.

ఇంకో సంగతి, అక్కడ జనగణనకు ప్రత్యామ్నాయం కూడా లేదు. 2007 సర్వేలో లైబీరియాలో పుట్టుక నమోదైన చిన్నపిల్లలు 4 శాతమే. ప్రపంచంలో దాదాపు అట్టడుగు. అప్పట్లో బర్త్ సర్టిఫికెట్ కావాలంటే మన్రోవియా వెళ్లాల్సి వచ్చేది, దానికి బస్సు చార్జీ ఎవరు పెట్టుకుంటారు? 2015 నుంచి కౌంటీ కేంద్రాల్లో సేవా కేంద్రాలు తెరిచారు. వోయిన్జామాలోనూ ఉంది. నా దృష్టిలో ఆ దేశం స్థానిక పాలనలో చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

డబ్బు లెక్క చూడండి. యుద్ధం తర్వాత కౌంటీ అభివృద్ధి నిధి అని పెట్టి, ప్రతి కౌంటీకి ఏడాదికి 2 లక్షల డాలర్ల చొప్పున కేటాయించారు. జనాభా ఎంతైనా అందరికీ అంతే. 2008 అంకెలతో భాగిస్తే లోఫాలో మనిషికి 72 సెంట్లు, గ్బార్పోలులో 2 డాలర్ల 40 సెంట్లు. గ్బార్పోలు వాళ్లకు ఎక్కువ ఇచ్చారని నేను తప్పుపట్టను. జనం పలచగా ఉన్న అడవిలో ఒక్క బడి కట్టాలన్నా ఖర్చు ఎక్కువ. నేననేది ఏమిటంటే, జనాభా, దూరం, రోడ్డు, యుద్ధంలో జరిగిన నష్టం అన్నీ చూసి పంచాలి. అందరికీ సమానం అంటే పంచేవాడికి ఆలోచించే పని తప్పుతుంది, అంతే.

జిల్లాల సంఖ్యకు కూడా జనాభాతో సంబంధం తెగిపోయింది. ఆగ్నేయాన గ్రాండ్ క్రూ అని ఇంకో కౌంటీ ఉంది. 2008లో అక్కడి జనం 57,913. జిల్లాలు 18. సగటున జిల్లాకు 3,200 మంది. లోఫాలో అదే సగటు 39 వేల పైన. ప్రతి జిల్లాకూ కమిషనర్, ఆఫీసు, జీతాలు. అడిగిన ప్రతి వర్గానికీ ఒక జిల్లా ఇచ్చుకుంటూ పోతే ఏ జిల్లాలోనూ పనిచేసే ఆఫీసు ఉండదు. 2018లో వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టం ఈ గందరగోళాన్ని సర్దడానికే. అదే ఏడాది భూహక్కుల చట్టం కూడా వచ్చింది. ఉమ్మడి భూమి మీద ఊళ్లకు హక్కు ఇస్తుంది, కానీ ముందు పక్క ఊరితో హద్దు తేల్చుకోవాలి. అందువల్ల గీతల పని ఇప్పుడు పల్లె స్థాయికి వచ్చింది.

ఇందాక చావుకు వెళ్లడం అన్నాను. 2014 మార్చి 30న ఫోయా నుంచి వచ్చిన నమూనాల్లో ఎబోలా ఉందని తేలింది. గినీలో గెకెడు దగ్గర మొదలైన జబ్బు, చుట్టరికాల దారిలో, అంత్యక్రియల దారిలో సరిహద్దు దాటింది. లైబీరియా మొత్తంలో 4,800 మందికి పైగా చనిపోయారు. ఆ సమయంలో ఏం కావాలో ఆలోచించండి. రోగిని ముట్టుకున్న ప్రతి మనిషి పేరు కావాలి, 21 రోజులు రోజూ వాళ్లింటికి వెళ్లి జ్వరం చూడాలి. కౌంటీ జనాభా ఎంతో చెప్పే అంకె దానికి సరిపోదు. ఏ క్లాన్‌లో ఏ ఊరు, ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎవరు పొలం పాకలో ఉన్నారు అన్నది తెలియాలి. క్వార్డు గ్బోనిలో బర్కెడు అనే ఊరిని ఆగస్టులో దిగ్బంధం చేశారు, చుట్టూ రాకపోకలు ఆపేశారు. అక్కడ తిండికి జనం చాలా అవస్థ పడ్డారు. అయినా దేశంలో కేసులు ముందుగా తగ్గడం మొదలైన చోట్లలో లోఫా ఒకటి. ఫోయాలో చికిత్సా కేంద్రం, శవాలను జాగ్రత్తగా పూడ్చే బృందాలు, ఇవన్నీ పనిచేశాయి. వాటితో పాటు చీఫ్‌లు, మత పెద్దలు, ఊరి ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. ఎవరు ఎక్కడ ఉన్నారో ఊరికి తెలుసు. ఆ తెలిసినదాన్ని ప్రభుత్వం మొదటిసారి గౌరవించి అడిగింది.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(కొత్త జిల్లాలు, కొత్త కౌంటీలు చేయడం తప్పంటారా అని సభలో ఒకరు అడిగారు.)

తప్పని అననండి. గ్బార్పోలును విడదీయడం న్యాయమే. బోపోలు మనిషి వోయిన్జామాకు వెళ్లలేడు, ఆ మాట ఇందాకే చెప్పాను. విడదీశాక వాళ్లకు సొంత సూపరింటెండెంట్ వచ్చారు, ఇద్దరు సెనేటర్లు వచ్చారు. కానీ 2008 నుంచి 2022 వరకు దేశ జనాభా సగం పెరిగితే, గ్బార్పోలులో పెరిగింది 15 శాతమే, 96 వేల దగ్గర ఉంది. కౌంటీ హోదా ఒక్కటే మనుషుల్ని అక్కడ నిలబెట్టలేకపోయింది. రోడ్డు, బడి, ఆసుపత్రి వెంట రావాలి.

(తర్వాతి జనగణన ఎప్పుడు అని ఒక విద్యార్థిని ప్రశ్న.)

రాజ్యాంగం ప్రకారం 2032లో రావాలమ్మా. దానికంటే ముందు 2029లో సాధారణ ఎన్నికలు ఉన్నాయి. 2022 లెక్క చేతిలో ఉంది, జిల్లా వారీగా ఉంది. దాని ప్రకారం సీట్లు సర్దాలంటే కొత్తగా ఎవరినీ లెక్కపెట్టనక్కర్లేదు, చట్టసభ ఒక నిర్ణయం చేస్తే చాలు. మొత్తం సీట్లు వంద దాటకూడదని రాజ్యాంగంలో ఉంది, ఇప్పుడున్నవి 73. అంటే ఎవరి సీటూ తీయకుండానే లోఫాకు రావలసింది ఇచ్చే వీలుంది.